బిల్డింగులు ఆ ఊరివి, డౌన్‌టౌన్ ఈ ఊరిది

కాన్సస్ సిటీ అనగానే మనవాళ్ళలో చాలామంది అది కాన్సస్ రాష్ట్రంలో ఉందనుకుంటారు. అసలు ఊరు ఉన్నది మిస్సోరీలో. స్టేట్ లైన్ దాటితే కాన్సస్ వైపు అదే పేరుతో ఇంకో చిన్న ఊరు, దానికి దిగువన ఓవర్‌ల్యాండ్ పార్క్, ఒలేథా అంటూ మన తెలుగువాళ్ళు కాపురాలు పెట్టిన సబర్బులు. అక్కణ్ణించి ఐ-70 పట్టుకుని ఓ 250 మైళ్ళు తూర్పుకి పోతే అదే మిస్సోరీకి అటు చివర, మిసిసిపీ ఒడ్డున, సెయింట్ లూయిస్. ఒకే రాష్ట్రం, అయినా ఈ రెండు ఊళ్ళకీ ఒకదాని పొడ ఒకదానికి గిట్టదు. 1985 వరల్డ్ సిరీస్‌లో ఈ రెండు ఊళ్ళ టీములే తలపడ్డాయి, ఆరో గేమ్‌లో ఫస్ట్ బేస్ దగ్గర ఔటయినవాణ్ణి అంపైర్ సేఫ్ అన్నాడు, ఆ గేమూ తర్వాతి గేమూ కాన్సస్ సిటీ రాయల్స్ గెలిచేసింది, సెయింట్ లూయిస్ వాళ్ళు ఆ అంపైర్ని ఇప్పటికీ తిడుతూనే ఉంటారు. బేస్‌బాల్ నాకు సగమే అర్థమవుతుంది గానీ ఆ తిట్లు మాత్రం బాగా అర్థమవుతాయి.

నేను రెండు చోట్లా ఉన్నాను, ముందు సెయింట్ లూయిస్‌లో, ఇప్పుడు కాన్సస్ సిటీలో. మా బావమరిది చెస్టర్‌ఫీల్డ్‌లో, అంటే సెయింట్ లూయిస్ సబర్బులో స్థిరపడ్డాడు. ఫోన్ చేస్తే చాలు, "బావా, మీ ఊళ్ళో ఏముంది, బార్బెక్యూ తినడం, ఫౌంటెన్లు చూడ్డం తప్ప? ఆర్చ్ లాంటిది ఒక్కటి చూపించు" అంటాడు. ఆర్చ్ అంటే నది ఒడ్డున వాళ్ళ ఊరికి గుర్తుగా నిలబడ్డ పెద్ద స్టీలు కమాను. "ఆర్చ్ చూశాక సాయంత్రం అక్కడే ఎంతసేపు తిరిగావురా చెప్పు" అంటాను నేను. వెంటనే టాపిక్ మారుస్తాడు. ఎందుకంటే వాడు తిరగడు. ఆర్చ్ కింద కారు పార్క్ చేసి, గుడ్డులాంటి ఆ చిన్న క్యాప్స్యూల్‌లో అయిదుగురు మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా ఇరుక్కుని పైకెళ్ళి, కిటికీలోంచి రెండు ఫోటోలు తీసుకుని, కిందికొచ్చి, బాల్విన్‌లో గుడికి పోయి ప్రసాదం తిని ఇంటికెళ్ళిపోవడం, ఇండియా నించి ఎవరొచ్చినా మనవాళ్ళ టూర్ ప్యాకేజీ ఇదే.

నేను చెప్పేది ఒకటే. బిల్డింగులుగా చూస్తే కాన్సస్ సిటీ సెయింట్ లూయిస్ కాలిగోటికి కూడా చాలదు. అయినా డౌన్‌టౌన్‌గా చూస్తే కాన్సస్ సిటీయే గెలిచింది, అదీ మంచి బిల్డింగులు కట్టి గెలవలేదు. ఉన్న బిల్డింగుల మధ్యలో ఉన్న ఖాళీని ఏం చేయాలో కాస్త ముందు తెలుసుకుంది, అంతే. ఈ మాటంటే రెండు ఊళ్ళవాళ్ళూ నా మీద పడతారని తెలుసు.

ముందు సెయింట్ లూయిస్ గొప్ప చెప్తా, ఏమాటకామాట. ఆర్చ్ నించి పది నిమిషాలు నడిస్తే సెవెన్త్ అండ్ చెస్ట్‌నట్ మూల మీద వెయిన్‌రైట్ బిల్డింగ్ ఉంటుంది. 1891లో పూర్తయింది, ఆడ్లర్ అండ్ సలివాన్ అనే ఆర్కిటెక్టుల డిజైన్, కట్టించినాయన బీరు వ్యాపారి. పది అంతస్తులే. ఇప్పటి లెక్కలో పదంతస్తులంటే మణికొండలో మామూలు అపార్ట్‌మెంట్. కానీ స్టీల్ ఫ్రేము మీద లేచిన పొడుగు బిల్డింగు ఎలా కనిపించాలి అనే ప్రశ్నకి గట్టి జవాబు చెప్పిన మొదటి బిల్డింగుల్లో ఇదొకటి. అప్పటిదాకా ఎత్తు పెరిగితే ఏం చేసేవాళ్ళంటే, ఒక చిన్న భవనం మీద ఇంకో చిన్న భవనం పెట్టినట్టు, రెండు మూడు అంతస్తులకోసారి అడ్డంగా గీత కొట్టి, ఎత్తుని దాచేవాళ్ళు. సలివాన్ దాచలేదు. కింద రెండు అంతస్తులు గోధుమరంగు రాయి, అక్కణ్ణించి ఎర్ర ఇటుక స్తంభాలు ఆగకుండా పైదాకా లాగేశాడు. రోడ్డుకి ఇవతల నిలబడి చూస్తే చూపు తనంతట తనే పైకి పోతుంది.

దగ్గరికెళ్ళి చూస్తే ఒక చిన్న మోసం కూడా కనిపిస్తుంది. ఆ స్తంభాల్లో ఒకటి విడిచి ఒకదాంట్లోనే లోపల స్టీల్ ఉంది, మధ్యలోవి ఊరికే లయ కోసం పెట్టినవి. ఈయనే తర్వాత 1896లో ఆకారం ఎప్పుడూ పనిని బట్టే వస్తుందని రాసిన మనిషి! పని లేని స్తంభాలు సగం పెట్టి ఆ మాట రాశాడంటే నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. కిటికీల మధ్య పలకల్లో కాల్చిన మట్టితో చేసిన ఆకుల అల్లికలు ఉంటాయి, టెర్రకోటా, ఒక్కో అంతస్తుకి ఒక్కో డిజైను. పై అంతస్తుకి గుండ్రటి కిటికీలు, వాటి చుట్టూ తీగలు సుళ్ళు తిరుగుతుంటాయి. కింద నడిచేవాడికి పైనున్న ఈ పనితనం సరిగ్గా కనపడదు కూడా, అయినా చేశారు. 1970ల్లో దీన్ని కూల్చేసే పరిస్థితి వస్తే పాత కట్టడాల మీద ప్రేమ ఉన్నవాళ్ళు అడ్డం పడి కాపాడారు, తర్వాత రాష్ట్ర ప్రభుత్వం కొని ఆఫీసులు పెట్టింది. మా బావమరిది ఇన్నేళ్ళుగా ఆ ఊళ్ళో ఉండి దీన్ని చూడలేదు. "ఆఫీసు బిల్డింగుకి వెళ్ళి ఏం చూస్తాం బావా" అన్నాడు.

ఇంకా ఉన్నాయి. 1874లో మిసిసిపీ మీద కట్టిన ఈడ్స్ బ్రిడ్జి. కట్టిన జేమ్స్ ఈడ్స్ అంతకుముందు ఒక్క బ్రిడ్జి కూడా కట్టలేదు, నదిలో మునిగిపోయిన పడవల సరుకు తీసే వ్యాపారం ఆయనది. నది అడుగున ఇసుక ఎలా కదులుతుందో స్వయంగా దిగి చూసినవాడు కాబట్టి పునాదులు బండ దాకా తీసుకెళ్ళాలని పట్టుబట్టాడు. ఆ లోతుల్లో గాలి ఒత్తిడిలో పనిచేసి పైకొచ్చిన కూలీలు పదిమందికి పైగా చచ్చిపోయారు, ఆ జబ్బు ఏమిటో అప్పటికి డాక్టర్లకే సరిగ్గా తెలీదు. ఇంత పెద్దఎత్తున స్టీల్ వాడిన బ్రిడ్జి అంతకుముందు లేదు, అందుకని జనానికి నమ్మకం కుదరక, గట్టిగా లేనిదాని మీద ఏనుగు అడుగు పెట్టదని ఒక ఏనుగుని తెచ్చి నడిపించారు. అది నడిచింది, బ్రిడ్జీ నిలబడింది, ఇప్పటికీ నిలబడే ఉంది, దాని కింది అంతస్తులో మెట్రోలింక్ రైళ్ళు పోతున్నాయి. 1894 నాటి యూనియన్ స్టేషన్, 1884 నాటి ఓల్డ్ పోస్టాఫీసు, డ్రెడ్ స్కాట్ అనే బానిస తన స్వేచ్ఛ కోసం కేసు వేసిన ఓల్డ్ కోర్ట్‌హౌస్. వీధులకి వీధులు ఎర్ర ఇటుక. 1849లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక చెక్కతో కట్టొద్దన్నారు, కింద మంచి బంకమన్ను దొరికింది, దాంతో ఊరంతా ఇటుకే. ఎంత మంచి ఇటుకంటే ఈ మధ్య దాకా ఖాళీ ఇళ్ళ గోడలు పడగొట్టి ఇటుకలు దొంగిలించి వేరే రాష్ట్రాలకి అమ్ముకునేవాళ్ళు.

ఇంత ఆస్తి పెట్టుకుని, ఏ మంగళవారమో సాయంత్రం ఆరున్నరకి ఆ వీధుల్లో నడవండి. మ్యాచ్ లేని రోజు చూసుకోండి. మనిషి కనపడడు. సిగ్నల్ ఎవరి కోసం మారుతోందో తెలీదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మనవాళ్ళు ఊరికే అనలేదనిపిస్తుంది.

తర్వాత ఏటీ అండ్ టీ అయిన ఫోన్ కంపెనీ సౌత్‌వెస్టర్న్ బెల్ కట్టించిన 44 అంతస్తుల టవర్ ఒకటుంది, 1980ల నాటిది. కంపెనీ 2017లో పూర్తిగా ఖాళీ చేసి వెళ్ళిపోయింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి బూజు పట్టింది. 2006లో 205 మిలియన్ డాలర్లకి అమ్ముడైన బిల్డింగు 2024లో 4 మిలియన్లు కూడా పలకలేదు. రూపాయల్లో 30 కోట్ల చిల్లర. జూబ్లీహిల్స్‌లో ఆ డబ్బుకి ఒక మంచి బంగళా వస్తుందేమో. దాని దగ్గర్లోనే రైల్వే ఎక్స్‌ఛేంజ్ బిల్డింగ్, 1914 నాటిది, ఒక బ్లాకు మొత్తం ఆక్రమించి 21 అంతస్తులు, కింద ఒకప్పుడు ఆ ఊళ్ళోకెల్లా పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్. 2013లో స్టోర్ మూతపడింది. ఇలాంటి రెండు పెద్ద పెట్టెలు డౌన్‌టౌన్ నడిబొడ్డున ఖాళీగా ఉంటే పక్కన కాఫీ షాపు పెట్టేవాడెవడు?

ఎందుకిలా అయింది అంటే క్రైమ్ అంటారు, రేసు అంటారు, కార్లు అంటారు, ఫ్యాక్టరీలు పోయాయంటారు. అన్నీ నిజమే, అన్నీ కాన్సస్ సిటీలో కూడా ఉన్నాయి. నాకు ముఖ్యంగా కనపడే తేడా 1876లో గీసిన ఒక గీత. అప్పట్లో సెయింట్ లూయిస్ డబ్బున్న ఊరు, చుట్టూ ఉన్న కౌంటీ అంతా పొలాలు, పల్లెలు. వీళ్ళ రోడ్లకి మనమెందుకు పన్ను కట్టాలని ఊరివాళ్ళు ఓటేసి కౌంటీ నించి విడిపోయారు. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు పంచుకుని హద్దులు ఖరారు చేసేశారు, 60 చదరపు మైళ్ళ పైచిలుకు, ఇక పెరగడానికి లేదు. తర్వాత కార్లొచ్చి, హైవేలొచ్చి జనం బయటికి పోవడం మొదలయ్యాక, ఏ పల్లెలైతే బరువనుకున్నారో డబ్బంతా అక్కడికే పోయింది. 1950లో ఊరి జనాభా 8,56,796. 2020లో 3,01,578. మూడొంతుల్లో రెండొంతులు పోయారు. వాళ్ళంతా ఎక్కడికో కాలిఫోర్నియాకి పోలేదు, చాలామంది మా బావమరిది ఉండే కౌంటీలోకే పోయారు. కౌంటీ జనాభా సిటీ కంటే మూడు రెట్ల పైనే ఉంది ఇప్పుడు, అక్కడ చిన్నాచితకా మున్సిపాలిటీలే ఎనభై పైచిలుకు.

కాన్సస్ సిటీ దీనికి ఉల్టా చేసింది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక పక్కనున్న నేలంతా కలుపుకుంటూ పోయింది, నది అవతల పొలాలు కూడా, చివరికి 300 చదరపు మైళ్ళు దాటింది. అందుకే దాని జనాభా 1950లో 4,56,622 ఉంటే 2020లో 5,08,090. చూడ్డానికి పెరిగినట్టుంటుంది. నిజానికి పాత ఊరి మధ్యలోంచి జనం అక్కడా పారిపోయారు, కాకపోతే పారిపోయినవాళ్ళలో చాలామంది ఊరి హద్దులోనే ఆగారు, వాళ్ళ పన్ను సిటీ హాలుకే వస్తోంది. ఇందులో ఆర్కిటెక్చర్ గొప్పతనం ఏమీ లేదు, రెవెన్యూ డిపార్ట్‌మెంటు తెలివి.

ఇక ఆర్చ్ గురించి. ఆర్చ్ అందంగా లేదని నేననను. ఈరో సారినెన్ డిజైన్, 630 అడుగుల ఎత్తు, కాళ్ళ మధ్య దూరం కూడా 630 అడుగులే, 1965లో పూర్తయింది. దానికి ముందు 1947లో డిజైన్ పోటీలో ఫైనల్‌కి ఎంపికైనవాళ్ళ పేర్లు ప్రకటించినప్పుడు తండ్రీ కొడుకులిద్దరూ ఆ పోటీలో విడివిడిగా ఉండటంతో పొరపాటున తండ్రికి అభినందనల టెలిగ్రామ్ పంపారట, ఇంట్లో అందరూ షాంపేన్ తాగాక అసలు విషయం తెలిసింది. కొడుకు కూడా అది లేవడం చూడలేదు పాపం, 1961లోనే పోయాడు. పొద్దున్న ఎండలో ఒకలా, మబ్బు పడితే ఒకలా ఆ స్టీలు రంగు మారుతుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ అది నిలబడ్డ చోట అంతకుముందు ఏముండేదో అడగాలి కదా. నది ఒడ్డున 40 బ్లాకులు, అసలు ఊరు పుట్టిన చోటు, పోత ఇనుము ముఖాలున్న గిడ్డంగులు, దుకాణాలు. 1939లో కూల్చడం మొదలుపెట్టారు. ఒక పాత చర్చి దాదాపు ఒంటరిగా మిగిలింది. కూల్చేశాక వెంటనే ఏమైనా కట్టారా? యుద్ధం, నిధులు, రైలు పట్టాల గొడవ, అలా దాదాపు ఇరవై ఏళ్ళు ఆ నేల పార్కింగ్ లాటుగా పడి ఉంది. తర్వాత ఆర్చికీ ఊరికీ మధ్యలో గుంట తవ్వి హైవే వేశారు. మొన్న 2010ల్లో ఆ హైవే మీద మూత వేసి పార్కు కలిపారు, చాలా బాగా చేశారు, అర్ధశతాబ్దం ఆలస్యంగా.

దీంతో ఆగారా అంటే లేదు. డౌన్‌టౌన్ పడమటి వైపు మిల్ క్రీక్ వ్యాలీ అని నల్లవాళ్ళ పేట ఉండేది, 1959 నించి దాన్ని మొత్తం నేలమట్టం చేసి దాదాపు 20 వేలమందిని పంపించేశారు. చాలా ఏళ్ళు ఆ ఖాళీని చూసి జనం హిరోషిమా ఫ్లాట్స్ అని వెటకారంగా పిలిచారు. 2022లో తెరిచిన సాకర్ స్టేడియం ఆ నేల మీదే ఉంది, పక్కనే ఆ పేటవాళ్ళ జ్ఞాపకంగా రాతి శిల్పాలు పెట్టారు. తూర్పున 40 బ్లాకులు, పడమర ఒక పేట మొత్తం. రెండు వైపులా ఇళ్ళూ మనుషులూ లేకుండా చేసుకున్న డౌన్‌టౌన్‌కి సాయంత్రం జనం ఎక్కణ్ణించొస్తారు? వెయిన్‌రైట్ ఎంత గొప్పదైనా చుట్టూ నడిచే మనుషుల్ని అది పుట్టించలేదు.

సరే, కాన్సస్ సిటీకొద్దాం. ఇక్కడ నాకు బాగా నచ్చే బిల్డింగు పవర్ అండ్ లైట్, 1931, 34 అంతస్తులు, ఆర్ట్ డెకో అనే అప్పటి స్టైలు, నెత్తి మీద లాంతరు, రాత్రి రంగులు మారుతుంది. మూడు వైపులా చూస్తే రాజసం. పడమటి వైపు చూస్తే ఒకే ఒక్క మొండిగోడ, కిటికీ అన్నదే లేదు. కారణమేంటంటే ఆ పక్కనే జంట టవర్ ఒకటి కట్టాలని ప్లాను, ఈ గోడ దాని వెనక దాక్కోవాలి, ఈలోపు డిప్రెషన్, అంటే అప్పటి మహా ఆర్థిక మాంద్యం, వచ్చిపడింది, రెండోది లేవలేదు. తొంభై ఏళ్ళ పైన అయింది, ఆ గోడ అలాగే ఉంది. ఇప్పుడది అపార్ట్‌మెంట్లు. ఆ ఊరి స్వభావమంతా ఆ గోడలో ఉందంటాను నేను. సగం పని చేసినా సిగ్గుపడదు, దీపం మాత్రం రోజూ వెలిగిస్తుంది.

డిప్రెషన్‌లో దేశమంతా పనులు ఆగిపోతే కాన్సస్ సిటీలో మాత్రం కోర్టు, ఆడిటోరియం, సిటీ హాల్, 1934 నించి 1937 లోపల వరసగా లేచాయి. ఎలా అనుకున్నారు? టామ్ పెండర్‌గాస్ట్ అని ఊరిని చేతిలో పెట్టుకున్న నాయకుడొకడుండేవాడు, పదవి పెద్దగా లేదు, మాట మాత్రం ఎవరూ దాటరు. ఆయనకే ఒక రెడీమిక్స్ కాంక్రీట్ కంపెనీ ఉంది. ఊళ్ళో ప్రతి పనికీ కాంక్రీట్ ఎక్కణ్ణించి కొన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు, మన దగ్గర ఇరిగేషన్ కాంట్రాక్టుల వార్తలు చదివే ఎవరికైనా ఇదంతా ఇంట్లో సంగతిలా ఉంటుంది. 1939లో ఇన్‌కమ్ టాక్స్ ఎగ్గొట్టిన కేసులో జైలుకెళ్ళాడు. ఆ కోర్టు కట్టించే బాధ్యత కౌంటీ తరఫున చూసినాయన హ్యారీ ట్రూమన్, తర్వాత ప్రెసిడెంటయ్యాడు. కారేసుకుని ఊరూరా తిరిగి కోర్టు బిల్డింగులు చూసి, లూసియానాలో ఒకటి నచ్చి, దాని ఆర్కిటెక్టుని పిలిపించాడు. అవినీతి డబ్బుతో అందమైన బిల్డింగులు రావా అంటే వస్తాయి, ఇవే సాక్ష్యం. బాగున్నాయి కూడా. కానీ సలివాన్ పక్కన పెట్టి పోల్చేంత కావు.

పాపాలు కాన్సస్ సిటీవీ తక్కువేం కాదు. డౌన్‌టౌన్ చుట్టూ ఐ-70, ఐ-35, ఐ-670 కలిపి ఉరితాడులా ఒక లూప్ వేశారు. దానికున్న ఎగ్జిట్లకి అక్షరమాల దాదాపు అంతా అయిపోయింది, 2ఏ నించి 2వై దాకా. మొదటిసారి డ్రైవ్ చేసేవాడికి జీపీఎస్ ఉన్నా దేవుణ్ణి తలుచుకోవాల్సిందే. ఉత్తరాన నది ఒడ్డునున్న రివర్ మార్కెట్‌ని ఆ హైవే ఊరి నించి తెగ్గొట్టేసింది. అంతకు ముందే, 1923లో, జే.సీ. నికల్స్ అనే రియల్ ఎస్టేట్ పెద్దమనిషి డౌన్‌టౌన్‌కి నాలుగు మైళ్ళు దక్షిణాన స్పెయిన్ సెవిల్ స్టైల్లో కంట్రీ క్లబ్ ప్లాజా అని మార్కెట్టు కట్టాడు, కార్లో వచ్చేవాళ్ళ కోసమే ప్లాన్ చేసిన తొలి షాపింగ్ సెంటర్లలో అది పేరున్నది. చుట్టూ ఆయన వేసిన లేఔట్లలో నల్లవాళ్ళకి ఇళ్ళు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాయించాడు. ఊరి డబ్బు మెల్లగా అటు జారిపోయింది. 2020లో అక్కడి ఫౌంటెన్‌కి ఆయన పేరు తీసేశారు. ప్లాజా లైట్లు చూసి మురిసిపోయే మనవాళ్ళకి ఈ సంగతి తెలిస్తే మంచిదని చెప్తున్నా.

మరి ఎలా గెలిచింది అంటే, రైలెక్కి చూడండి. ఈ రెండు ఊళ్ళ మధ్య ఆమ్‌ట్రాక్ రైలుంది, అయిదున్నర గంటల పైనే పడుతుంది, కార్లో నాలుగ్గంటలు. కాన్సస్ సిటీలో దిగితే 1914 నాటి యూనియన్ స్టేషన్‌లో దిగుతారు. 95 అడుగుల ఎత్తు కప్పు, మూడు పెద్ద షాండ్లియర్లు, మధ్యలో వేలాడే గడియారం. బయటికొస్తే ఎదురుగా గుట్ట మీద మొదటి ప్రపంచయుద్ధం స్మారకం, అక్కడ మన యూనివర్సిటీ పిల్లలు గౌన్లు వేసుకుని గ్రాడ్యుయేషన్ ఫోటోలు దిగుతుంటారు. ఆ స్టేషన్ కూడా ఒకప్పుడు పాడుబడిపోయింది, చినుకు పడితే కారేది. 1996లో మిస్సోరీ, కాన్సస్ రెండు రాష్ట్రాల కౌంటీలు కలిసి ఓటేసి సేల్స్ టాక్స్ కట్టుకుని బాగు చేయించుకున్నారు, స్టేట్ లైన్ అవతలివాళ్ళు ఇవతలి స్టేషన్‌కి డబ్బు కట్టడం! 1999లో తెరిచారు. అదే సెయింట్ లూయిస్‌లో దిగితే హైవే ఫ్లైఓవర్ కింద ఇరుకున కట్టిన ఒక కొత్త స్టేషన్‌లో దిగుతారు. అసలు యూనియన్ స్టేషన్ కొంచెం దూరంలోనే ఉంది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద స్టేషన్లలో ఒకటి, 1978లో చివరి రైలు వెళ్ళిపోయింది, ఇప్పుడది హోటలు, అక్వేరియం, జెయింట్ వీలు. హాల్ చూస్తే ఇప్పటికీ కాన్సస్ సిటీ దాని ముందు నిలవదు. కానీ అందులో రైలు లేదు. బ్రతికించారు గానీ పని తీసేశారు.

కాన్సస్ సిటీ స్టేషన్ ముందు నించే స్ట్రీట్‌కార్ బయల్దేరుతుంది. 2016 మేలో మొదలైంది, స్టేషన్ నించి రివర్ మార్కెట్ దాకా 2.2 మైళ్ళు, టికెట్ లేదు, ఎవరైనా ఎక్కచ్చు. ఎవరి డబ్బంటే ఆ లైను చుట్టుపక్కల ఆస్తులున్నవాళ్ళూ, అక్కడ కొనుక్కునేవాళ్ళూ కట్టే పన్ను. శనివారం పొద్దున సిటీ మార్కెట్లో పచ్చిమిరపకాయలు, కొత్తిమీర కట్టలు పట్టుకుని ఎక్కేవాళ్ళు, చెప్పులు చేత్తో పట్టుకుని క్లబ్బుల నించి ఇళ్ళకి పోయేవాళ్ళు, స్ట్రోలర్ తోసుకొచ్చే అమ్మలు, చలికి ఒకటే అటూ ఇటూ తిరుగుతూ కూచునే ఇల్లు లేనివాళ్ళు, అందరూ అందులోనే. హైవే తెగ్గొట్టిన రివర్ మార్కెట్‌ని మళ్ళీ ఊరికి కుట్టింది ఈ లైనే. 2025 అక్టోబర్‌లో ప్లాజా మీదుగా యూఎంకేసీ యూనివర్సిటీ దాకా పొడిగించారు, అంటే నికల్స్ బయటికి లాక్కెళ్ళిన దాన్ని వందేళ్ళ తర్వాత పట్టాలేసి వెనక్కి కట్టుకున్నారు.

తమాషా ఏంటంటే సెయింట్ లూయిస్ వాళ్ళూ ఒక ట్రాలీ వేశారు, అదీ 2.2 మైళ్ళే! డెల్మార్ లూప్ అనే షాపుల వీధి నించి ఫారెస్ట్ పార్కు మ్యూజియం దాకా. డౌన్‌టౌన్‌కి మైళ్ళ దూరం. చూడ్డానికి పాతకాలం బొమ్మలా ఉంటుంది. 2018లో మొదలైంది, 2019 చివర్లో ఆగిపోయింది, 2022లో మళ్ళీ మొదలుపెట్టారు. రోజూ పనికెళ్ళేవాడు ఎక్కాల్సిన దాన్ని టూరిస్టు ఎక్కేదాన్లా చేస్తే అంతే మరి.

ఇక్కడ మా బావమరిది గట్టిగా అడ్డం పడతాడు, వాడి పాయింటూ ఉంది. "మాకు 1993 నించి మెట్రోలింక్ ఉంది బావా, ఎయిర్‌పోర్టు నించి డౌన్‌టౌన్ దాకా రైలు, మీ ఊళ్ళో ఎయిర్‌పోర్టుకి పోవాలంటే ఎవడో ఒకణ్ణి బతిమాలుకోవాలి." నిజం. రవాణాగా చూస్తే మెట్రోలింక్ స్ట్రీట్‌కార్ కంటే చాలా పెద్ద పని. కానీ డౌన్‌టౌన్‌లో అది పాత రైలు సొరంగంలోంచి పోతుంది. ఎయిత్ అండ్ పైన్‌లో భూమి కిందెక్కినవాడు మళ్ళీ దిగాల్సిన చోటే తేలతాడు, మధ్యలో ఉన్న షాపు అద్దం వాడికి కనపడదు, షాపువాడికి వాడు కనపడడు. స్ట్రీట్‌కార్ నత్తలా పోతుంది, అదే దానికి కలిసొచ్చింది. కిటికీలోంచి ఏదో కొత్త బోర్డు చూసి దిగిపోయినవాళ్ళని నేనే చూశాను. దిగితే పైసా ఖర్చు లేదు, ఇంకో బండి పది పదిహేను నిమిషాల్లో వస్తుంది.

వాడి రెండో పాయింటు డబ్బు. డౌన్‌టౌన్‌లో పవర్ అండ్ లైట్ డిస్ట్రిక్ట్ అని బార్లూ రెస్టారెంట్లూ కట్టడానికి సిటీ అప్పు చేసింది, వచ్చే పన్నులు ఆ అప్పుకి సరిపోక ఏటా మిలియన్ల డాలర్లు జేబులోంచి కడుతోంది. ఇదీ నిజమే. ఆ డిస్ట్రిక్ట్ చూడ్డానికి కూడా నాకు నచ్చదు, ఏ ఊళ్ళోనైనా ఉండే మాల్ లాంటిదే, దాని పక్కన ఆ 1931 టవర్ ముఖం తిప్పుకుని నిలబడ్డట్టుంటుంది. కానీ అదే అప్పు సెయింట్ లూయిస్ కూడా చేసింది, ఫుట్‌బాల్ టీమ్ కోసం డోమ్ కట్టడానికి, ఆ టీమ్ 2016లో లాస్ ఏంజిలిస్‌కి మూటా ముల్లే సర్దుకుంది, అప్పు మాత్రం మిగిలింది. దండగే అనుకున్నా, రాత్రి పూట జనం తిరిగే దండగకీ తలుపులకి తాళం వేసుండే దండగకీ తేడా ఉంది.

2026 సాకర్ వరల్డ్ కప్ మ్యాచ్‌లు కాన్సస్ సిటీకి దక్కాయి, సెయింట్ లూయిస్‌కి కాదు. ఇది వాళ్ళకి ఎక్కడ తగిలిందంటే, 1950 వరల్డ్ కప్‌లో ఇంగ్లాండ్‌ని ఓడించిన అమెరికా టీమ్‌లో అయిదుగురు సెయింట్ లూయిస్ కుర్రాళ్ళే. ఈ విషయం తీస్తే మా వాడు ఫోన్ పెట్టేస్తాడు.

నన్నడిగితే సెయింట్ లూయిస్‌కి ఇప్పుడు కొత్త ఐకాన్లు, కొత్త స్టేడియాలు అక్కర్లేదు. వాషింగ్టన్ అవెన్యూలో పాత గిడ్డంగుల్ని లాఫ్టులుగా, అంటే అపార్ట్‌మెంట్లుగా, మార్చినప్పుడు ఆ నాలుగు బ్లాకులూ కళ్ళెదుటే మారిపోయాయి, పాత బిల్డింగు బాగుచేసే ఖర్చులో 25 శాతం పన్ను రాయితీ ఇచ్చే మిస్సోరీ చట్టం 1998 నించీ ఉంది, దాంతోనే చేశారు. అదే పని వెయిన్‌రైట్ నించి ఓల్డ్ పోస్టాఫీసు దాకా గ్రౌండ్ ఫ్లోర్లలో చేయాలి. పై అంతస్తులు తర్వాత చూసుకోవచ్చు. అద్దె నామమాత్రంగా ఇచ్చైనా సరే, రోడ్డు మట్టానికి లైటు వెలగాలి. 2004 ప్రాంతంలో వాళ్ళేం చేశారంటే, ఓల్డ్ పోస్టాఫీసుని బాగుచేయడానికి పార్కింగ్ కావాలని పక్కనే పాలరాతి ముఖంతో ఉన్న సెంచురీ బిల్డింగ్‌ని కూల్చి గ్యారేజీ కట్టారు. కాన్సస్ సిటీ కూడా పార్కింగ్ లాట్ల పిచ్చిలో తక్కువ తినలేదు, అది కూల్చినవాటిలో పోయిందని ఏడవాల్సినవి తక్కువ, అంతే.

మీరెవరైనా వెళ్తే, సెయింట్ లూయిస్‌కి పొద్దున్నే వెళ్ళండి. కారు దూరంగా ఎక్కడైనా పెట్టి మెట్రోలింక్‌లో ఎయిత్ అండ్ పైన్‌లో దిగండి, ఒక్క బ్లాకు అటు, ఒక్క బ్లాకు ఇటు, వెయిన్‌రైట్. తూర్పు ఎండ ఆ ఎర్ర మట్టి ఆకుల మీద ఏటవాలుగా పడే టైమ్‌కి చూడండి. తర్వాత ఓల్డ్ కోర్ట్‌హౌస్, ఆర్చ్, ఈడ్స్ బ్రిడ్జి మీద కాలిబాటన నది సగం దాకా నడక. మధ్యాహ్నం సూలార్డ్ మార్కెట్. సాయంత్రం తిండికి డౌన్‌టౌన్‌లో వెతుక్కోకండి, సౌత్ గ్రాండ్ వైపు పోండి. కాన్సస్ సిటీకైతే సాయంత్రమే రండి, ఏ వారమైనా పర్లేదు.